వేబ్యాక్ మెషిన్ రివ్యూ: ఓటరుగా నేను దీన్ని ఎందుకు వదలను

మాది ఆరిజోనాలో చాండ్లర్. 2022లో మా రాష్ట్రంలో సెనేట్ ఎన్నిక హోరాహోరీగా నడిచింది. డెమొక్రాట్ మార్క్ కెల్లీ మీద రిపబ్లికన్ అభ్యర్థి బ్లేక్ మాస్టర్స్. జూన్ 24న సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును కొట్టేసింది, ఆగస్టు 2న మాస్టర్స్ ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) గెలిచారు, ఆ నెల అయిపోకముందే ఆయన వెబ్‌సైట్లో గర్భస్రావం మీద రాసిన మాటలు మారిపోయాయి. తాను నూటికి నూరు శాతం ప్రో-లైఫ్, అంటే గర్భస్రావానికి వ్యతిరేకిని అన్న వాక్యం తీసేశారు. కడుపులోని బిడ్డను మనిషిగా గుర్తించే ఫెడరల్ చట్టం రావాలన్న వాక్యమూ పోయింది. మార్చామని ఆ పేజీలో ఎక్కడా రాయలేదు. ఎన్‌బీసీ న్యూస్ బయటపెట్టేదాకా మామూలు ఓటరుకి తెలిసే దారే లేదు. ఆ వార్త చదివి, నిజమా కాదా నా కళ్లతో చూసుకుందామని వేబ్యాక్ మెషిన్ తెరిచాను. అప్పటి నుంచి ప్రతి ఎన్నికకీ వాడుతున్నాను కాబట్టి ఈ రివ్యూ.

తెలియని వాళ్ల కోసం: ఇది శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే లాభాపేక్ష లేని సంస్థ నడిపే సేవ. బ్రూస్టర్ కేల్ 1996లో మొదలుపెట్టారు, 2001లో అందరికీ తెరిచారు. వెబ్ పేజీలను ఎప్పటికప్పుడు కాపీ తీసి దాచిపెడుతుంది, 2025 అక్టోబరుకి లక్ష కోట్ల పేజీలు దాటాయి. డబ్బులు అడగరు, ఉత్తినే చూడటానికైతే అకౌంట్ కూడా అక్కర్లేదు. అడ్రస్ పేస్ట్ చేస్తే క్యాలెండర్ వస్తుంది, కాపీ తీసిన తేదీల మీద చుక్కలుంటాయి, చుక్క మీద నొక్కితే ఆ రోజు పేజీ ఎలా ఉందో అలాగే తెరుచుకుంటుంది.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది పైన ఉండే ‘చేంజెస్’ అనే ఆప్షన్. రెండు తేదీలు ఎంచుకుంటే రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి, తీసేసిన మాటలకు ఒక రంగు, కొత్తగా చేర్చిన మాటలకు ఇంకో రంగు వేసి చూపిస్తుంది. కమిటీ పేరు మారిందో, విరాళాల బటన్ జరిగిందో లాంటి చిన్నాచితకా వాటికి కూడా రంగులు పడతాయి, వాటిని దాటుకుంటూ వెళ్లాలి, కానీ ఒక వాక్యం మొత్తం ఎగిరిపోతే మాత్రం అది కంటపడకుండా ఉండదు. మాస్టర్స్ సైట్లోనే 2020 ఎన్నిక సక్రమంగా జరిగి ఉంటే ట్రంప్ ఇవాళ అధ్యక్షుడిగా ఉండేవారన్న మాట కూడా తీసేశారని సీఎన్‌ఎన్ రాసింది. ప్రైమరీలో సొంత పార్టీ వాళ్ల ఓట్లు కావాలి, నవంబరులో మధ్యలో ఉన్నవాళ్ల ఓట్లు కావాలి, మాట మారడానికి కారణం అంతకంటే వెతకక్కర్లేదు. నవంబరులో ఆయన ఓడిపోయారు, అది వేరే సంగతి.

ఇది ఒక పార్టీ జబ్బని నేను అనడం లేదు. కమలా హారిస్ 2019లో ఫ్రాకింగ్‌ని (భూమి లోపలి రాళ్లను పగలగొట్టి చమురు, గ్యాస్ తీసే పద్ధతి) నిషేధించాలని టీవీలో గట్టిగా చెప్పారు. 2024 జులైలో అభ్యర్థి కాగానే ఆమె నిషేధించరని ముందుగా చెప్పింది ప్రచార సిబ్బంది, ఆమె నోటితో వివరంగా విన్నది ఆగస్టు చివర్లో ఇచ్చిన టీవీ ఇంటర్వ్యూలోనే. మనసు మార్చుకోవడం తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు, నేనూ ఈ దేశానికి వచ్చినప్పుడు అనుకున్నవన్నీ ఇప్పుడు అనుకోవడం లేదు. కానీ నా ఓటు అడుగుతున్న మనిషి ‘అప్పుడు ఇలా అన్నాను, ఇప్పుడు ఫలానా కారణంతో మార్చుకున్నాను’ అని నాకు చెప్పాలి. మా ఆరిజోనాలో పోస్టులో ఓటేసేవాళ్లకి బ్యాలెట్లు పంపడం ఎన్నికకు 27 రోజుల ముందే మొదలవుతుంది. అది నింపి పంపేశాక అవతల మాట మారితే నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఇక లోపాలు. కాపీ ఏ రోజు తీస్తుందన్నది మన చేతిలో లేదు. పెద్ద నాయకుల సైట్లకు రోజూ చుక్కలుంటాయి, స్కూల్ బోర్డు అభ్యర్థి సైటుకి నెలకొకటి ఉంటే అదృష్టం, కాబట్టి మాట ఏ రోజు మారిందో తెలీదు, ఈ రెండు తేదీల మధ్య అని మాత్రమే తెలుస్తుంది. దీనికి మందు ‘సేవ్ పేజ్ నౌ’. అడ్రస్ ఇస్తే అప్పటికప్పుడు కాపీ తీసి లింక్ ఇస్తుంది. టైం మాత్రం జీఎంటీలో ఉంటుంది, ఇండియాలో ఉన్నవాళ్లు ఐదున్నర గంటలు కలుపుకోవాలి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు సరిగ్గా దొరకవు.

సైటు యజమాని అడ్డుకోవచ్చన్నది ఇంకో పెద్ద లోపం. 2013లో బ్రిటన్ కన్జర్వేటివ్ పార్టీ తన సైటు నుంచి పదేళ్ల ప్రసంగాలు తీసేసి, కాపీలు తీసే రోబోలను ఆపే ఫైలు కూడా పెడితే, ఆర్కైవ్‌లో పాత కాపీలు కూడా కనపడకుండా పోయాయి. ఆ తర్వాత ఆర్కైవ్ ఈ ఫైళ్లను పట్టించుకోవడం చాలావరకు తగ్గించింది, మంచి పని చేసింది.

2024 అక్టోబరులో హ్యాకర్లు దాడి చేసి 3 కోట్లకు పైగా అకౌంట్ల వివరాలు ఎత్తుకెళ్లారు, సైటు కొన్ని రోజులు పూర్తిగా ఆగిపోయింది. అమెరికా ఎన్నికకు నెల కూడా లేని సమయమది. పాత పేజీలు త్వరగానే తెరుచుకున్నాయి కానీ ‘సేవ్ పేజ్ నౌ’ నవంబరు మొదట్లో గానీ రాలేదు. ఆ మూడు వారాలకు పైగా నాకు నిజంగా టెన్షన్. ఇంత ముఖ్యమైన పని ఒక్క సంస్థ నెత్తిన ఉండటం నాకు భయంగానే ఉంది.

తెలుగు వాళ్లకి ఎంత పనికొస్తుంది అంటే, సగం. పార్టీల మ్యానిఫెస్టో పీడీఎఫ్‌లు దాచుకోవడానికి బాగుంటుంది. పాత తెలుగు పత్రికల సైట్లు మాత్రం అన్ని కంప్యూటర్లలో ఒకేలా కనిపించే యూనికోడ్ రాకముందు సొంత ఫాంట్లు వాడేవి, ఆ పేజీలు ఇప్పుడు తెరిస్తే చాలావరకు పిచ్చి గీతలే కనిపిస్తాయి. అఫిడవిట్లు కావాలంటే మైనేతా సైటు ఉంది, ఆస్తులు, కేసులు చక్కగా దొరుకుతాయి, కానీ అభ్యర్థి ఏ విషయం మీద ఏమన్నాడో అందులో ఉండదు.

మన దగ్గర మాట మారేది వెబ్‌సైట్లో కాదు, సభలో. మా నాన్నది నల్లగొండ. 2009 ఫిబ్రవరిలో తెలంగాణకు సూత్రప్రాయంగా అభ్యంతరం లేదని ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు అసెంబ్లీలో చెప్పారు. ఏప్రిల్ 16న తెలంగాణలో పోలింగ్ అయిపోయింది. రెండో దశ ప్రచారంలో నంద్యాల సభలో, రాష్ట్రం విడిపోతే హైదరాబాద్ వెళ్లడానికి వీసా కావాల్సి వస్తుందన్న అర్థంలో మాట్లాడారు. టీవీలో అది విని, అప్పటికే ఓటేసి వచ్చిన మా నాన్న ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. అలాంటి మాటలు దాచిపెట్టడానికి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనే టీవీ న్యూస్ ఆర్కైవ్ అని ఉంది, 2009 నుంచి అమెరికా ఛానళ్ల వార్తలను మాటతో వెతుక్కోవచ్చు. మన తెలుగు ఛానళ్లకు అలాంటిది లేదు. ఇంతమంది తెలుగు ఇంజనీర్లం ఉండి, ఇన్ని న్యూస్ ఛానళ్లు ఉండి, ఇది లేకపోవడం నన్ను చాలా బాధపెడుతుంది. యూట్యూబ్‌లో ఉంటుందిలే అనుకుంటాం, ఛానల్ వాళ్లు వీడియో తీసేస్తే అదీ పోయినట్టే.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఆ ఒక్కటి తగ్గించింది తెలుగు విషయంలోనూ, ఆగిపోయిన ఆ వారాలకూ. ఏటా చందా మాత్రం కడుతున్నాను.

వాడదలచుకున్నవాళ్లు వార్త వచ్చేదాకా ఆగకండి, అప్పటికి పేజీ మారిపోయి ఉంటుంది. నామినేషన్ల గడువు ముగిసిన రాత్రి మీ నియోజకవర్గంలో పోటీ చేస్తున్నవాళ్ల పేజీలన్నీ ‘సేవ్ పేజ్ నౌ’లో పెట్టండి, మీరు ఓటేయబోయే మనిషిది కూడా. పోలింగ్‌కి వారం ముందు మళ్లీ ఒకసారి చేసి ‘చేంజెస్’ నొక్కండి. నాకు రెండుసార్లకీ కలిపి అరగంట పట్టింది.