పేరు లేని పతకాలు: ఒక పతకాల దుకాణం సేవ గురించి

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళపు బాంబర్ విభాగమైన బాంబర్ కమాండ్ విమానాల్లో వెళ్లి తిరిగిరాని వైమానికుల పతకాలను నేను కొన్నేళ్లుగా సేకరిస్తున్నాను. తపాలా ద్వారా పతకాలు అమ్మే ఒక ఇంగ్లండ్ దుకాణం నుంచి ఈమధ్య ఒక సార్జెంటు పతకాలు మూడు తెప్పించుకున్నాను. ఆయన లాంకాస్టర్ బాంబర్ విమానంలో వెనుక తుపాకీ పేల్చే గన్నర్. 1944 మార్చి 30 రాత్రి జర్మనీలోని నూరెంబర్గ్ మీదికి బయలుదేరిన 795 విమానాల్లో తిరిగిరాని 95 విమానాల్లో ఆయనది ఒకటి.

పార్శిల్ కట్టిన తీరుకు వంక పెట్టలేను. పతకాలు వచ్చిన అసలు అట్టపెట్టెను మెత్తటి కాగితంలో విడిగా చుట్టారు. దాని మూత మీద ఆయన తల్లి పేరు, చిరునామా సిరాతో రాసి ఉన్నాయి. లోపల నాలుగు మడతల సంతాప చీటీ ఉంది. మరణించినవారు ఈ పురస్కారాలను అందుకునేందుకు జీవించి లేకపోవడం పట్ల బ్రిటన్ వైమానిక దళ పాలక మండలి అయిన ఎయిర్ కౌన్సిల్ విచారం తెలిపే ఆ చీటీలో సార్జెంటు పేరు ఉంది. గుండుసూది గుచ్చిన మూలన తుప్పు మరక ఇంకా కనబడుతోంది.

ఈ కాగితాలకు ఇంత విలువ ఎందుకంటే, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా ప్రభుత్వాలు తమవారి యుద్ధ పతకాల మీద పేర్లు చెక్కించగా, బ్రిటన్ ఆ పని చేయలేదు. నక్షత్రాకారంలోని 1939-45 స్టార్, గుండ్రటి వార్ మెడల్ ఎవరివైనా చూడటానికి ఒకటే. పెట్టె, చీటీ, లండన్‌లోని క్యూ (Kew) ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న స్క్వాడ్రన్ రికార్డు పుటలు లేకపోతే మన చేతిలో మిగిలేది లోహమే. ఈ దుకాణం ఆ రాత్రి నాటి రికార్డు పుట నకలు, సమాధి తెలియని 20 వేల మందికి పైగా వైమానికుల పేర్లున్న రన్నీమీడ్ స్మారకంపై ఆయన పేరు ఉన్న ఫలకం ఛాయాచిత్రం అడగకుండానే జతచేసింది. అమ్మకందారుల్లో ఇంత శ్రద్ధ అరుదు.

లోపం మూడో పతకంలో బయటపడింది. 1944 జూన్ 5 వరకు బ్రిటన్ నుంచి ఐరోపా మీదికి యుద్ధ విధుల్లో ఎగిరినవారికి ఇచ్చిన ఎయిర్ క్రూ యూరప్ స్టార్ మిగతా స్టార్లకంటే అరుదైనది, ఖరీదైనది. అందుకే నకళ్లు కూడా దానికే ఎక్కువ. భూతద్దం కింద పెట్టి, నా దగ్గరున్న అసలు స్టార్‌తో పోల్చి చూస్తే, అక్షరాల అంచులు అచ్చు గుద్దినట్లు పదునుగా కాక, పోతపోసినట్లు మొద్దుబారి ఉన్నాయి. లేత నీలం రిబ్బను మాత్రం పాతదే. ఎప్పుడో ఎవరో అసలు స్టార్‌ను విడిగా అమ్ముకుని, దాని స్థానంలో ఈ నకలును తగిలించి ఉంటారని నా అనుమానం.

దుకాణంవారికి ఫోటోలు పంపితే, మొదటి జవాబులో తమ పరిశీలనలో పొరపాటు ఉండదన్నారు. ఆ ధోరణి నాకు నచ్చలేదు. ఇంకో పతకాల వ్యాపారి అభిప్రాయాన్ని జతచేశాక క్షమాపణ చెప్పి, స్టార్ వరకు సొమ్ము వాపసు చేస్తామనీ, లేదంటే మరొక అసలు స్టార్ పంపుతామనీ అన్నారు. వారి జాబితాలో ఇంకో సార్జెంటు పెట్టెను 2013లో ప్రవేశపెట్టిన బాంబర్ కమాండ్ క్లాస్ప్ (రిబ్బను మీద తగిలించే లోహపు పట్టీ)తో సహా ‘తల్లికి అందినది అందినట్లే’ అని వర్ణించారు. 1940ల నాటి పెట్టెలో అది ఎలా వచ్చిందో వారు ఆలోచించినట్లు లేదు. కొనేవారు వర్ణనను నమ్మి ఊరుకోకుండా ప్రతి పతకం రెండు వైపుల ఫోటోలూ ముందే అడిగి తెప్పించుకోవడం మంచిది. అడిగితే వీరు మరునాడే పంపుతారు.

నేను సొమ్మే తీసుకున్నాను. వేరొకరి స్టార్ తెచ్చి ఈ పెట్టెలో పెడితే వరుస నిండుతుందేమో గానీ, అది ఈ సార్జెంటుది కాదు. ఇప్పుడు ఆ పెట్టెలో రెండు పతకాలు, ఒక చీటీ, స్టార్ లేని లేత నీలం రిబ్బను ఉన్నాయి.