అమ్మ చీరలతో బొంత కుట్టించాను, టాకాల దగ్గరే తేడా తెలిసింది

అమ్మ కట్టి కట్టి మెత్తబడ్డ 5 నూలు చీరలు, అందులో ఒకటి సిద్దిపేట గొల్లభామ చీర, మా కాలనీలో ఇంటి దగ్గరే బొంతలు కుట్టే ఒక అక్కకు ఇచ్చాను. 20 రోజులు పట్టింది, 1,800 రూపాయలు తీసుకుంది. చాలా నచ్చింది.

ఇచ్చేముందు మాత్రం టెన్షన్ పడ్డాను. ఎందుకంటే రెండేళ్ల కింద ఒక షాపులో కుట్టించిన బొంత పాడైంది. వాళ్లు టాకాలు, అంటే పొరలు జరగకుండా ముందుగా వేసి తర్వాత విప్పేసే దూరం కుట్లు, వేయకుండానే పొరలన్నీ నేరుగా మిషన్ కింద పెట్టారు. మిషన్ పళ్లు అడుగు బట్టను లాగుతుంటే పై బట్ట వెనకబడుతుంది కదా, ఆ ముడతల మీదే కుట్టేశారు. అంచులకు ఓవర్‌లాక్ కొట్టి వదిలేస్తే నాలుగు ఉతుకులకే దారాలు ఊడాయి.

ఈ అక్క చీరలను గంజి పోయేదాకా ఉతికి తెమ్మంది. చాప మీద పరిచి, అరచేత్తో నడుమ నుంచి బయటికి నిమిరి, దబ్బనంతో జానెడు దూరంలో టాకాలు వేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. టాకాలు కూడా నడుమ నుంచే మొదలుపెట్టింది, అలా అయితే ఎక్కడన్నా ముడత ఉన్నా అంచు వైపు జరిగిపోతుంది, అదే అంచుల నుంచి వేసుకుంటూ వస్తే నడుమ ఇరుక్కుంటుంది. దగ్గర దగ్గరగా చేతికుట్టు పూర్తయ్యాకే టాకాలు విప్పింది.

అంచుల పని ఇంకా బాగుంది. ఎగుడుదిగుడులు కత్తిరించి, రెండున్నర అంగుళాల పట్టీని సగానికి మడిచి ముందువైపు కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేసింది. క్రాస్ పట్టీ, అంటే బట్టను ఏటవాలుగా కత్తిరించిన పట్టీ, వేస్తుందేమో అనుకున్నాను, కానీ మూలలు గుండ్రంగా ఉంటేనే అది కావాలట, తిన్నటి అంచులకు నిలువు పట్టీ చాలు, బట్ట కూడా కలిసొస్తుంది. కొంగులోని గొల్లభామ బొమ్మలు సరిగ్గా బొంత నడుమ వచ్చాయి. అమ్మ వాటిని తడిమి చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుంది.

ఒక మూల మాత్రం మడత లావుగా వచ్చింది, పట్టీకి వాడిన ఎర్రదారం మొదటి ఉతుకులో కాస్త రంగు దిగింది. తెల్లదారం మీరే కొనివ్వండి. సిల్కు, పాలిస్టర్ చీరలు ఆమె తీసుకోదు, పొరలు జారతాయంటుంది. చలి మొదలైతే చేతి నిండా పని ఉంటుంది, దసరా లోపే ఇచ్చేయండి.