రెండేళ్లు వాడాక మా ఫ్లాట్ రెనొవేషన్ మీద సమీక్ష: బాత్రూమ్ భేష్, చెక్కపని దండగ

బాత్రూమ్‌కి పదికి తొమ్మిది మార్కులు. కరెంటు పనికి ఎనిమిది. చెక్కపనికి మూడు. ఇల్లు ఒకటే, కాంట్రాక్టర్ కూడా ఒక్కడే.

బెంగళూరులో మారతహళ్లి దగ్గర మాది పాత డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. 2024 ఫిబ్రవరిలో పని మొదలుపెట్టించాం. పని అయిపోగానే రాసి ఉంటే అన్నిటికీ పదికి పది వేసేదాన్ని. చెక్క మీద అంటించే కొత్త లామినేట్ షీటు మెరుపులో ఏ వంకా కనపడదు. మంచీ చెడూ తెలియాలంటే ఇంట్లో వంట జరగాలి, గీజరు రోజూ నడవాలి, గట్టి వానలు పడాలి. 2024 అక్టోబరు వానలూ, 2025 మే వానలూ చూశాకే ఇది రాస్తున్నాను.

ముందు బాత్రూమ్. అసలు రెనొవేషన్ పెట్టుకున్నదే దాని వల్ల. కింది ఇంట్లో సీలింగ్ తడుస్తోందని చాలాకాలంగా గొడవ. ఇలాంటి అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబ్ మిగతా ఇంటి కంటే కిందికి దించి పోస్తారు, సంకెన్ స్లాబ్ అంటారు. మా దాంట్లో ఆ గుంతను ఇటుక ముక్కలతో, రబ్బిష్‌తో నింపి పైన టైల్స్ వేసేశారు. సందుల్లోంచి దిగిన నీళ్లన్నీ ఏళ్ల తరబడి అందులోనే ఉండిపోయాయి. తవ్విస్తే నల్లటి బురద వచ్చింది, వాసనకి ఇంట్లో ఉండలేకపోయాం.

కాంట్రాక్టర్ పంపిన టైల్స్ మేస్త్రిది హిందూపురం వైపు. ఆయన పని చూసి నాకు చాలా గౌరవం కలిగింది. పాత పైపులు తీయించి సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు వేయించాడు. గోడా నేలా కలిసే మూలల్ని సిమెంటుతో గుండ్రంగా తిప్పాడు. పైపు స్లాబులోంచి దిగే చోట విడిగా పూత పూసి, ఆ తర్వాతే మొత్తానికి వాటర్‌ప్రూఫింగ్ రెండుసార్లు పూశాడు. కారుతుందేమో చూడటానికి ఒక రాత్రి నీళ్లు నిలబెడితే చాలు, పొద్దున టైల్స్ మొదలుపెట్టమని కాంట్రాక్టర్ తొందర. మేస్త్రి ఒప్పుకోలేదు. "అక్కా, రెండు రోజులు నీళ్లు నిలబెట్టి కింద చూడందే నేను టైల్ ముట్టను" అన్నాడు.

అప్పుడు నీళ్లెక్కడున్నాయి? అది 2024 మార్చి, బెంగళూరు అంతా నీళ్ల కోసం అల్లాడుతున్న నెల. తాగేనీళ్లు నిర్మాణ పనులకు వాడితే 5,000 రూపాయలు జరిమానా అని జలమండలి ఆర్డరు వేసింది. మా అసోసియేషన్ వెంటనే రెనొవేషన్ జరుగుతున్న ఇళ్లకు నీళ్లు ఆపేసింది. ట్యాంకరు తెప్పించాల్సి వచ్చింది. ఆ డబ్బు ఎవరిది? కొటేషన్‌లో టైల్ సైజు నుంచి స్విచ్ రంగు దాకా ఉంది, నీళ్ల ఊసే లేదు. రెండు రోజులు వాదించుకుని చెరి సగం పెట్టుకున్నాం. బాత్రూమ్‌లో నిలబెట్టిన నీళ్లను కూడా మేస్త్రి పారబోయలేదు. బకెట్లతో తోడి వంటింట్లో కొత్త ప్లాస్టరింగ్‌ని తడపడానికి వాడాడు. రెండు రోజులయ్యాక కింది ఇంటికి వెళ్లి, టార్చి వేసి సీలింగ్ అంతా చూసి వచ్చి అప్పుడు టైల్ చేతికి తీసుకున్నాడు.

ఇన్నాళ్లకీ కింద చుక్క తడి లేదు. స్లోప్ ఎంత బాగా కుదిరిందంటే మూలల్లో నీళ్లు నిలవవు. టైల్స్ సందుల్లో సిమెంటుకి బదులు ఎపాక్సీ గ్రౌట్ అనే గట్టి పూడిక వేయించాం, ఖరీదైనా ఇంకా నల్లబడలేదు. ఒక్క మార్కు తగ్గించింది తలుపు కింద రాయికి. అది కొంచెం లేచింది.

కరెంటు పని కూడా బాగుంది. పాత బోర్డులో లోడు ఎక్కువైతే ఆపేసే ఎమ్‌సీబీలే ఉండేవి, షాక్ కొడితే లైను ఆపేసే ఆర్‌సీసీబీ లేదు. 30 మిల్లీ ఆంపియర్లది పెట్టారు. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజరుకీ 4 చదరపు మిల్లీమీటర్ల వైరు విడివిడిగా లాగారు. గోడలు పూడ్చేముందు ప్రతి గోడనీ కొలత టేపు ఆనించి ఫొటో తీసుకోమన్నది ఎలక్ట్రీషియనే. తర్వాత వాటర్ ప్యూరిఫయర్ కోసం డ్రిల్ వేసేటప్పుడు ఆ ఫొటోలే చూసుకున్నాం. పెయింటింగ్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, పర్వాలేదు.

ఇక చెక్కపని. కొటేషన్‌లో వంటింటికంతా ఐఎస్ 710 ప్లైవుడ్ అని స్పష్టంగా ఉంది. ఐఎస్ అంటే భారతీయ ప్రమాణం, 710 మరుగుతున్న నీళ్లలో వేసి పరీక్షించే రకం. వేసింది మాత్రం వేరు. ఏడాది తిరగకముందే సింకు కింద అడుగుపలక ఉబ్బింది, లామినేట్ అంచు లేచింది, తలుపు మూతపడటం మానేసింది. పైపు కారుతోందేమోనని ప్లంబరుతో చూపిస్తే ఎక్కడా లీకు లేదు, తుడిచినప్పుడల్లా తగిలే తడి మాత్రమే. వెనకపలక ఊడదీస్తే దాని మీద ఐఎస్ 303, ఎమ్మార్ గ్రేడ్ అని ముద్ర. గాలిలో చెమ్మని తట్టుకునే సరుకు అది, బెడ్‌రూమ్ అల్మారాకు చాలు, సింకు కింద నిలవదు. రెండింటి ధరలో తేడా ఎవరి జేబులోకి పోయిందో వేరే చెప్పక్కర్లేదు.

ఇందులో వడ్రంగుల్ని నేను తప్పుపట్టను. వాళ్లకు తెచ్చిచ్చిన చెక్క వాళ్లు కోశారు. కానీ మధ్యలో టీమ్ మారిపోయింది, మొదటివాళ్లు తీసిన కొలతలు రెండోవాళ్లకు అందలేదు. డ్రాయర్లు ఒకటి వదులు, ఒకటి బిగుతు.

ఫోన్ చేస్తే "వారంలో మనిషిని పంపిస్తా మేడమ్" అన్నాడు కాంట్రాక్టర్. తర్వాత తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. అప్పుడు ముద్ర ఫొటో, కొటేషన్‌లో ఆ లైను, బ్యాంకు నుంచి పంపిన డబ్బు వివరాలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాం. ఇంటి పనికి బిల్లు తీసుకుంటే 18 శాతం జీఎస్టీ పడుతుందని చాలామంది వద్దంటారు. మేం బిల్లు తీసుకున్నాం, అదే మమ్మల్ని కాపాడింది. 50 లక్షల వరకు చెల్లించిన పనులకు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, అదీ ఫిర్యాదుకు కారణం తలెత్తిన రెండేళ్లలోపు. మేమిచ్చింది 10 లక్షలు దాటి 20 లక్షల లోపే కాబట్టి ఫీజు 400 రూపాయలే. ఉత్తరంలో ఈ మాట కూడా రాశాం. పది రోజుల్లో మనుషులొచ్చి సింకు కింది పెట్టె మొత్తం మార్చారు. మిగతా వంటింటి గురించి అడిగితే కొంత డబ్బు వెనక్కిచ్చాడు. నాకు పూర్తి న్యాయం జరిగిందనిపించలేదు, కానీ కమిషన్ దాకా వెళ్లే ఓపిక ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. మా పైఇంటివాళ్లు అంతా కలిపి ఒక పెద్ద కంపెనీకి ఇచ్చారు. ఫ్యాక్టరీలో చేసిన క్యాబినెట్లు, ఫిట్టింగ్ చాలా నీట్‌గా ఉంది, చెప్పిన తేదీకి ఇచ్చారు కూడా. కానీ ఒక షెల్ఫ్ జరపాలన్నా కొత్త చార్జీ. పదేళ్ల వారంటీ అన్న కాగితం చదివితే నీటి వల్ల పాడైతే వర్తించదని ఉంది. వంటింట్లో ఇంకెందువల్ల పాడవుతుంది?

హూడిలో ఉండే మా మరిది మేస్త్రుల్ని విడివిడిగా పెట్టుకున్నాడు. డబ్బు బాగా మిగిలింది, చెక్క తనే దుకాణానికి వెళ్లి ముద్ర చూసి కొన్నాడు. అయితే గోడకు చెమ్మ పట్టినప్పుడు ప్లంబరు టైల్స్ వాడిదంటాడు, టైల్స్ వాడు ప్లంబరుదంటాడు. ఇద్దరి మధ్యా ఆఫీసుకు సెలవులు పెట్టి తిరిగింది మా మరిదే.

అందుకే ఎవరైనా "మీ కాంట్రాక్టర్ మంచివాడేనా" అని అడిగితే ఒక్కమాటలో చెప్పలేకపోతున్నాను. ఆయన కింద పనిచేసేది నాలుగు రకాల మనుషులు. ఒక్కొక్క పనికి ఎవరొస్తారు, వాళ్లు ఆయనతో ఎన్నాళ్లుగా ఉన్నారు అని ముందే అడగండి. చూపించమంటే కొత్తగా ముగించిన ఇల్లు చూపిస్తారు. రెండు మూడేళ్ల కిందట చేసిన ఇల్లు అడిగి, వెళ్లి సింకు కింద తలుపు తెరిచి చూడండి. ప్లైవుడ్ ఇంటికి రాగానే, కోయకముందే ప్రతి షీటు మీద ముద్ర చూసి ఫొటో తీసుకోండి. నీళ్లు, రబ్బిష్ తరలింపు, లిఫ్టు చార్జీలు ఎవరు కట్టాలో కొటేషన్‌లో రాయించండి.

మా రెండో బాత్రూమ్ ఇంకా పాతదే. వచ్చే నెల ఆ హిందూపురం మేస్త్రికే నేరుగా ఇస్తున్నాం, కాంట్రాక్టర్ లేకుండా. సామాన్లు మేమే కొంటాం. నీళ్లు నిలబెట్టడానికి మూడు రోజులు ఆయనే అడిగి రాయించుకున్నాడు.