జపాన్‌లో బయట తినాలంటే ఏది మేలు: గ్యూడాన్ షాపా, కిస్సాతెనా, ఫామిరేసా?

జపాన్ వెళ్లొచ్చినవాళ్లలో ఎక్కువమంది ముందు చెప్పేది గ్యూడాన్ గురించే. వేడన్నం మీద ఉల్లిపాయలతో ఉడికించిన పల్చటి గొడ్డుమాంసం. ఆర్డర్ ఇచ్చిన కాసేపట్లోనే గిన్నె ముందుంటుంది, ధరా తక్కువే. యోషినోయా, సుకియా, మత్సుయా ఇలాంటి గ్యూడాన్ చెయిన్లే. ఒంటరిగా తిరిగేవాళ్లకు ఇంతకన్నా సుఖం లేదు. తినేసి లేచిపోవాలి, కబుర్లకు కూర్చునే చోటు కాదు.

మరి గొడ్డుమాంసం ముట్టనివాళ్ల సంగతి? పిచ్చి ఆవు వ్యాధి వల్ల అమెరికా మాంసం దిగుమతి ఆగిపోయి, 2004లో యోషినోయా కొన్నాళ్లు గ్యూడాన్ అమ్మకమే ఆపేసి పంది మాంసం గిన్నె పెట్టింది. అదీ తినని ఇళ్లు మనలో బోలెడు. పొద్దున్న దొరికే కాల్చిన సాల్మన్, అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్ సెట్ మాత్రం చేప తినేవాళ్లు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

కిస్సాతెన్ అంటే పాతకాలపు కాఫీ హోటల్. నగోయా వైపు పొద్దున్నే కాఫీ చెబితే టోస్టూ గుడ్డూ దాంతోపాటే ఇచ్చే అలవాటుంది. 1968లో అక్కడే మొదలైన కొమెదా అనే కిస్సాతెన్ చెయిన్ ఇప్పుడు దేశమంతా ఉంది. ఉదయం 11 లోపు వెళ్తే కాఫీ ధరకే టోస్ట్ వస్తుంది. గుడ్డు వద్దంటే తీపి ఎర్రచిక్కుడు ముద్ద అడగండి, బొబ్బట్ల పూర్ణం తిన్నట్టే ఉంటుంది. టిఫిన్ వరకు నా ఓటు దీనికే. పూట భోజనానికి మాత్రం శాండ్‌విచ్, కెచప్ స్పగెట్టీ తప్ప పెద్దగా ఉండవు. 2020 ఏప్రిల్ నుంచి హోటళ్ల లోపల పొగ తాగడం నిషేధమే అయినా పాత చిన్న కొట్లకు మినహాయింపు ఉంది. పిల్లలతో వెళ్తే తలుపు దగ్గరి బోర్డు చూసుకోండి.

పెద్దవాళ్లూ పిల్లలూ వెంట ఉంటే రాత్రి భోజనానికి ఫామిరేసు, అంటే ఫ్యామిలీ రెస్టారెంట్. సైజేరియా, గుస్తో ఈ కోవవే. కుదురుగా కూర్చోవచ్చు, మెనూలో బొమ్మలుంటాయి, డ్రింక్ బార్ తీసుకుంటే జ్యూసులూ కాఫీలూ ఎన్నిసార్లయినా పట్టుకోవచ్చు. ఒక్క చిక్కుంది. బొమ్మలో నోరూరించే హంబాగు చాలాచోట్ల గొడ్డు, పంది మాంసాలు కలిపి చేసిన కైమా.

అయినా నేను ఫామిరేసునే ఎంచుకునేది దాని అలర్జీ పట్టిక కోసం. పెద్ద చెయిన్లు ఏ వంటకంలో ఏముందో వెబ్‌సైట్లో పెడతాయి. చట్టం తప్పనిసరి చేసిన గుడ్డు, పాలు, గోధుమ లాంటివే కాక, చాలావరకు గొడ్డు, పంది, కోడి మాంసాలకూ గడులుంటాయి. ఫోన్లో అనువదించుకుంటే సర్వర్‌ని ఇబ్బంది పెట్టకుండానే తేలిపోతుంది. గ్యూడాన్ చెయిన్లకూ పట్టికలున్నాయి గానీ అక్కడ అన్నీ కొట్టేశాక మిగిలేది తక్కువ.

శుద్ధ శాకాహారులు మాత్రం ఆ పట్టికను పూర్తిగా నమ్మకూడదు. జపాన్ వంటకు ప్రాణమైన దాశి రసం చాలావరకు ఎండబెట్టిన కత్సువొ చేపతో తీస్తారు. ఆ చేపకు పట్టికలో గడి లేదు. అన్ని గడులూ ఖాళీగా ఉన్న ఉడోన్ నూడుల్స్ పులుసులోనూ చేప ఉండొచ్చు. కాబట్టి శాకాహారులకు సైజేరియాలో మార్గరీటా పిజ్జా నయం. టోక్యో స్టేషన్ లోపల కేయో స్ట్రీట్‌లో ఉన్న టీస్ తంతన్ అనే హోటల్ ఇంకా నయం, అక్కడి రామెన్ నూడుల్స్‌లో చేపా ఉండదు, మాంసమూ ఉండదు. మధ్యాహ్నం రద్దీగా ఉంటుంది, రెండు దాటాక వెళ్లండి.