పంటల రాడార్ నేర్చుకోవాలంటే ఫ్లెవోలాండ్ డేటాతో మొదలుపెట్టండి

రాడార్‌తో ఏ చేలో ఏ పంట ఉందో చెప్పడం నేర్చుకోవాలనుకునేవాళ్లు ముందు నెదర్లాండ్స్‌లోని ఫ్లెవోలాండ్ మీద ఎయిర్‌సార్ అనే విమాన రాడార్ తీసిన డేటా దింపుకోండి, పోల్‌సార్‌ప్రో అనే రాడార్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. రెండూ ఉచితమే. 1989 ఆగస్టులో నాసా ప్రయోగశాల జేపీఎల్ వాళ్లు డీసీ-8 విమానానికి ఈ రాడార్ బిగించి అక్కడి పొలాల మీద తిప్పారు. సముద్రాన్ని ఎండగట్టి సాగులోకి తెచ్చిన నేల, బల్లపరుపుగా ఉంటుంది. ఎత్తుపల్లాల గొడవ లేదు కాబట్టి కనిపించే తేడాలో ఎక్కువ భాగం పంటదే అనుకోవచ్చు.

పౌలీ రంగుల్లో, అంటే తరంగం తిరిగొచ్చిన తీరును బట్టి ఎరుపు, పచ్చ, నీలం వేసే పద్ధతిలో, బొమ్మ తెరవగానే నీళ్లు దాదాపు నల్లగా, అడవి వెలుగుతూ, మధ్యలో పొడుగాటి చేలు ఒక్కోటి ఒక్కో రంగులో కనిపిస్తాయి, నాకు ఇప్పటికీ అది చూస్తే సంబరమే. కిటుకు ఏమిటంటే, రాడార్ అడ్డంగా ఊగే తరంగాన్నీ నిలువుగా ఊగేదాన్నీ విడివిడిగా పంపి, తిరిగొచ్చినవాటిని కూడా విడివిడిగా పట్టుకుంటుంది. నిటారు కాడలున్న గోధుమ ఆ రెండింటికీ ఒకేలా స్పందించదు, గుబురుగా ఆకులేసే బంగాళదుంప వచ్చిన తరంగాన్ని చిందరవందర చేసి అడ్డాన్ని నిలువుగా కూడా తిప్పేస్తుంది. 24 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యమున్న ఎల్ బ్యాండ్ ఆకుల్లోంచి లోపలికి దిగుతుంది, 5.6 సెంటీమీటర్ల సీ బ్యాండ్ ఎక్కువగా పైపైనే ఆగుతుంది, అందుకే రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

చుక్కలచుక్కల నాయిస్ మాత్రం తప్పదు. దాన్ని తగ్గించే లీ ఫిల్టర్ వేయండి, కానీ కిటికీ (ఒక్కసారి సరాసరి తీసే పిక్సెల్స్ గడి) సైజు పెంచేకొద్దీ చేల అంచులు చెరిగిపోతాయి. ఇంకో చిత్రం, ఏ చేలో ఏముందో 15 క్లాసులుగా, అంటే రకాలుగా, గుర్తుపెట్టిన, అందరూ వాడే మ్యాపులో గోధుమే మూడు క్లాసులుగా ఉంటుంది, తొందరపడి వాటిని కలిపేయకండి.

నాకు బాగా కోపం తెప్పించేది, ఈ డేటాలో పంటలను 99 శాతం కచ్చితంగా గుర్తించామని చెప్పుకునేవాళ్ల గోల. ఒకే చేలోంచి కొన్ని పిక్సెల్స్‌తో కంప్యూటర్‌కు నేర్పి, పక్క పిక్సెల్స్‌తో పరీక్ష పెడితే ఎవరికైనా మంచి మార్కులే వస్తాయి. చేలకు చేలే పక్కనపెట్టి పరీక్షించండి, అప్పుడొచ్చే అంకె తక్కువైనా నమ్మొచ్చు.

ఫ్లెవోలాండ్ డేటాకున్న పెద్ద లోటు, అందరూ వాడేది ఒక్క రోజు బొమ్మే. మన వరి నాట్లప్పుడు నీళ్లలా నల్లగా ఉండి పెరిగేకొద్దీ వెలుగుతుంది, అది ఒక్క బొమ్మలో దొరకదు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా-ఇస్రో రాడార్ ఉపగ్రహం నైసార్‌లోనూ 24 సెంటీమీటర్ల ఎల్ బ్యాండే ఉంది, 12 రోజులకోసారి అదే చోటికి వస్తుంది, ఖరీఫ్ మబ్బులు దానికి అడ్డం కావు. ఫ్లెవోలాండ్‌లో చేయి తిరిగాక నేరుగా ఆ డేటాకు వెళ్లండి.