నిమిషానికి మూడు లీటర్ల ఏరేటరు, మూడు లీటర్ల గీజరు: చాన్నాళ్లు వాడాక

అంట్లు తోమేటప్పుడు వేడినీళ్లు చాలట్లేదని పెద్ద గీజరు కొనాలనుకుంటున్నారా? ఆగండి. ముందు వంటింటి కుళాయి మూతికి ఏరేటరు, అంటే నీటి ధారని తగ్గించే చిన్న జాలీ, బిగించి చూడండి. 2024 ఎండాకాలంలో బెంగళూరు నీళ్లకి కటకటలాడినప్పుడు జలమండలి హోటళ్లకూ అపార్ట్‌మెంట్లకూ వీటిని తప్పనిసరి చేసింది. మా బిల్డింగులోనూ అప్పుడే పెట్టించారు. ట్యాంకరు ఖర్చు తప్ప మరో ఆలోచన ఎవరికీ లేదు. దీంతో వేడినీళ్లకి లంకె ఉందని నాకు చలికాలం వచ్చాకే తెలిసింది.

మాది 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజరు, 3 కిలోవాట్లది. ఏరేటరు లేనప్పుడు లీటరు చెంబు 6 సెకన్లలో నిండేది, అంటే నిమిషానికి 10 లీటర్లు. ఆ ధారకి లోపల కాగిన నీళ్లు నిమిషం తిరక్కుండానే అయిపోతాయి. ఆ తర్వాత కాయిల్ ఎంత మండినా, వచ్చే నీళ్లని 4 డిగ్రీలకు మించి వేడి చేయలేదు. డిసెంబరు పొద్దున ఆ 4 డిగ్రీలు చేతికి తెలియను కూడా తెలియవు, మీటరు మాత్రం తిరుగుతుంటుంది. ఇప్పుడు నిమిషానికి 3 లీటర్లే. అదే గీజరు, అదే కరెంటు, నీళ్లు మాత్రం 14 డిగ్రీలు వేడెక్కి వస్తున్నాయి. మొదట్లో ఇంకా వేడిగానే ఉంటాయి. గడ్డకట్టిన నెయ్యి వదలడానికి అది చాలు.

అయితే ఒక మాట. ఇన్‌స్టంట్ గీజరుతో కరెంటు నేరుగా తగ్గదు. ధార సన్నదైనా లావైనా కుళాయి తెరిచినంతసేపూ కాయిల్ మండుతూనే ఉంటుంది, 10 నిమిషాలకి అరయూనిట్. జిడ్డు ఒక్క కడుగుకే పోతోంది కాబట్టి మేం స్విచ్ తొందరగా ఆపేస్తున్నాం, ఆదా అంతా అందులోనే. నిల్వ గీజరు లైను వంటింట్లోకి ఉన్నవాళ్ల సంగతి వేరు: 10 లీటర్లని 20 డిగ్రీలు కాచడానికి దాదాపు పావు యూనిట్ పడుతుంది, వాళ్లకి తగ్గిన ప్రతి లీటరూ కరెంటు కిందే లెక్క.

మా ఇంట్లో అంట్లు తోమే ఆమెది కదిరి వైపు. మొదటిరోజే తేల్చేసింది: "ఏందక్కా ఇది, కల్లాపి చల్లినట్టు! ఈ నీళ్లకి కుక్కరు ఎప్పుడు కడిగేది?" ఆమె అన్నదాంట్లో అబద్ధమేం లేదు. పెద్ద గిన్నెలో నీళ్లు పట్టాలంటే నిలబడి ఎదురుచూడాలి. బిందెలూ కుక్కర్లూ ఇప్పటికీ బయట యుటిలిటీలో మామూలు కుళాయి దగ్గరే కడుగుతుంది. పళ్లాలకీ గ్లాసులకీ మాత్రం మా ఈ జల్లు రకం ఏరేటరు బాగా పనిచేస్తుంది, సబ్బు చకచకా పోతుంది. నురగలా మెత్తగా పడే రకం కూడా వాడి చూశాను. చేతులు కడుక్కోవడానికి బాగుంది గానీ మాడిన అడుగుల మీద దానికి జోరు లేదు.

అసలు చిక్కు బోరునీళ్లతో. జాలీలో తెల్లగా ఉప్పు పేరుకుని జల్లు పక్కలకి చిమ్ముతుంది, ఒక్కోసారి చొక్కా తడిసిపోతుంది. విప్పి నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పాత బ్రష్షుతో రుద్దితే మళ్లీ కొత్తదే. బద్ధకించి వదిలేస్తే మర పట్టేసి చేత్తో ఊడి రాదు.

ఇంకోటి, వేడినీళ్లు అన్నింటికీ అక్కర్లేదు. పాలగిన్నె, గుడ్డు అంటిన పెనం ముందు చన్నీళ్లతోనే కడగాలి, వేడి తగిలితే ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. అన్నం గిన్నెకీ దోసెపిండి గిన్నెకీ కాసేపు నానితే చాలు. వేరుశనగ నూనె చలికాలంలోనూ గడ్డకట్టదు కాబట్టి సబ్బూ పీచూ సరిపోతాయి. మా ఇంట్లో గీజరు నెయ్యి, డాల్డా తగిలిన గిన్నెలకే. వాటిని చివరికి ఉంచి ఒక్కసారే తోముతాం.

డాబా మీద సోలారు ఉంటే గీజరెందుకని మా మరిది అడుగుతుంటాడు. అరంగుళం పైపు 20 మీటర్లు దిగి రావాలంటే సుమారు 3 లీటర్ల చల్లటినీళ్లు ముందు పారబోయాలి. సన్నధారతో అయితే సుమారు నిమిషం నిలబడాలి. స్నానానికి సోలారు దివ్యంగా ఉంటుంది, నాలుగు గిన్నెలకి కాదు.

కొనేముందు కుళాయి మూతి చూసుకోండి. మర లోపలుంటే 24 మిల్లీమీటర్లది, బయటుంటే 22 మిల్లీమీటర్లది సాధారణంగా సరిపోతుంది. మరే లేని పాత కుళాయికి అతికించే తొడుగుల జోలికి పోకండి, పక్కల నుంచి కారుతూనే ఉంటాయి.