నాలుగేళ్లుగా వీపీఎఫ్ కోయించుకుంటున్నా, నా అనుభవం ఇదీ

ముందే చెప్తున్నా, పొద్దున లేవగానే షేర్లు ఎంత పెరిగాయో చూసుకునేవాళ్ళకి ఈ వీపీఎఫ్, అంటే జీతంలోంచి పీఎఫ్‌కి మనం ఇష్టపడి అదనంగా వేసుకునే పొదుపు, బోర్ కొడుతుంది. ఒకటో తారీఖున పడిన జీతం పదిహేనుకల్లా ఎటు పోయిందో తెలియని నాలాంటివాళ్ళకి మాత్రం బాగా పనికొస్తుంది. అంతకుముందు మియాపూర్‌లో మా వీధిలో చిట్టీ కట్టేవాణ్ణి, పాడుకున్న ప్రతిసారీ ఆ డబ్బు సోఫా రూపంలోనో ఫ్రిజ్ రూపంలోనో ఇంట్లోకి వచ్చి కూర్చునేది తప్ప ఒక్క రూపాయి మిగిలింది లేదు.

పీఎఫ్‌కి మన బేసిక్, డీఏ మీద 12 శాతం ఎలాగూ కోస్తారు కదా, దాని పైన మనంతట మనం ఇంకొంచెం కోయించుకోవడమే వీపీఎఫ్. కావాలంటే బేసిక్, డీఏ మొత్తం అందులోనే వేసుకోవచ్చు. వడ్డీ పీఎఫ్ వడ్డీయే. నా బేసిక్ 40,000, మామూలు కోత 4,800, మొన్నటిదాకా నేను అదనంగా కోయించుకున్నది 6,000. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఈ రెండూ విడివిడిగా కనిపించవు, ఉద్యోగి వాటా కింద 10,800 అని ఒకటే అంకె ఉండేది, మొదటి నెల అది చూసి 6,000 ఎక్కడ అని వెతుక్కున్నాను. మామూలు పీఎఫ్‌కి కంపెనీ కూడా తన వాటా వేస్తుంది గానీ, ఈ అదనపు దానికి పైసా కలపదు. ఆ కంపెనీ వాటాలో కూడా నెలకు 1,250 పింఛన్ గడిలోకి పోతుంది, దానికి వడ్డీ రాదు.

నేను 2021 ఏప్రిల్‌లో మొదలుపెట్టాను, సరిగ్గా ఆ ఏడాదికే వడ్డీ 8.1 శాతానికి దిగింది, 1977-78 తర్వాత అంత తక్కువ లేదట, నా జాతకం అలాంటిది! తర్వాత 8.15, ఆపైన వరుసగా రెండేళ్లు 8.25. పీపీఎఫ్‌లో (బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఎవరైనా తెరుచుకునే పొదుపు ఖాతా) 7.1 దగ్గరే ఆగిపోయిన మా బావ దీన్ని చూసి ఇప్పటికీ కుళ్ళుకుంటాడు.

పన్ను సంగతి మాత్రం చూసుకుని దిగండి. అదే 2021 ఏప్రిల్ నుంచి, పీఎఫ్, వీపీఎఫ్ కలిపి ఏడాదికి మన వాటా రెండున్నర లక్షలు దాటితే, దాటిన దాని మీద వచ్చే వడ్డీకి పన్ను కట్టాలి. అంటే నెలకు సుమారు 20,800 దాకా భయం లేదు. మా టీమ్‌లో బేసిక్ లక్ష ఉన్న ఒకాయన ఇదేం చూసుకోకుండా నెలకు 25,000 అదనంగా కోయించుకున్నాడు, మామూలు 12,000తో కలిపి ఏడాదికి 4,44,000 అయింది, లెక్క చెప్పాక మొహం మాడ్చుకున్నాడు. ఇంకోటి, 80సీ మినహాయింపు, అంటే పొదుపు చేసిన డబ్బుని పన్ను లెక్కలోంచి తీసేసే వెసులుబాటు, పాత పన్ను విధానంలోనే, కొత్తదాంట్లో ఉన్నవాళ్ళు దానికోసం చేరొద్దు.

నాకు ఒళ్ళు మండింది మా ఆఫీసుతోనే. హెచ్‌ఆర్‌వాళ్ళు ఏడాదికి ఒక్కసారి, ఏప్రిల్‌లోనే మార్చుకోనిస్తారు. మొన్న అక్టోబర్‌లో నాన్న కంటి ఆపరేషన్‌కి డబ్బు సర్దలేక రెండు మూడు నెలలు కోత ఆపండి అని మెయిల్ పెడితే, ఏప్రిల్ దాకా కుదరదు అని ఒక్క లైన్‌లో జవాబు. చివరికి తమ్ముడి దగ్గర చేబదులు తీసుకున్నాను. అందుకే, చేరేముందు మీ ఆఫీసులో మధ్యలో ఆపనిస్తారా లేదా అని కచ్చితంగా అడగండి. ఉద్యోగం మారితే యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని మన పీఎఫ్ నంబరు) మీద పాత ఖాతా ట్రాన్స్‌ఫర్ చేయించుకోండి, సర్వీసు మొత్తం ఐదేళ్లు నిండకముందే తీసేస్తే పన్ను పడుతుంది.

మొదటి నెల మా ఆవిడ "ఏంటండీ, జీతం తక్కువ పడింది?" అని అడిగింది, సమాధానం చెప్పడానికి ఒక సాయంత్రం పట్టింది. ఈ ఏప్రిల్‌లో 6,000ని 8,000 చేశాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.